పాలెంకే పోయొచ్చిన సర్వేయరు

ఆ ఓపెన్‌కాస్టు గని కింద పోయినవాటిని నేను ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకున్నాను. ఇళ్ళు రెండు వందల పద్నాలుగు. చేదబావులు ముప్పై ఒకటి, అందులో నడి ఎండాకాలంలో కూడా నీళ్ళున్నవి ఎనిమిది. తాటిచెట్లు నాలుగు వందల ఆరు. మూడు గదుల బడి ఒకటి. మైసమ్మ గద్దె ఒకటి. మేము పనిచేసిన పాత బొగ్గుబాయి, దానికి దిగే దారి ఒకటి, గాలి దారి ఒకటి. సర్వే పిల్లర్లు ఆరు. పత్తిచేలో పాతిన రాయి ఒకటి. మనిషి ఒకడు.

ఈ ఏప్రిల్లో ఆ పేజీ చివర ఇంకొక వరుస రాశాను. సర్వేయర్ సారు. ఆయన ఓపెన్‌కాస్టు కింద పోలేదు. గోదావరిఖనిలో, దవాఖాన మంచం మీద, గుండె ఆగి పోయాడు. తెలంగాణ రాష్ట్రం రావడానికి ఇంకా రెండు నెలలుంది. అయినా ఆయన్ని ఆ పేజీలోనే రాశాను.

నేను ఆయన దగ్గర పంతొమ్మిదేళ్ళు గొలుసు మోశాను. సర్వే ఆఫీసులో నా ఉద్యోగం పేరు చైన్‌మన్. నేను చదివింది ఏడో తరగతి. సైను, కొసైను, కోణాలు, మూడు చుక్కలు తెలిస్తే నాలుగో చుక్క ఎక్కడుంటుందో పట్టుకోవడం, అన్నీ ఆయన సిగరెట్ పెట్టెల వెనక రాసి నేర్పినవే. సిగరెట్లు మానేసిన తరువాత క్యాలెండర్ కాగితాల వెనక.

ఆయనది కోస్తా. ఎప్పుడో ఇరవై మూడేళ్ళ వయసులో వచ్చి ఇక్కడ దిగాడు. ముప్పై ఏళ్ళయినా మాట మారలేదు, "ఏవయ్యా" పోలేదు. పెళ్ళిళ్ళకు కూడా క్యాన్వాసు బూట్లతోనే వచ్చేవాడు. నడిచినంతసేపూ అడుగులు లెక్కపెట్టేవాడు. పెదవులు కదిలేవి కావు, కుడిచేతి బొటనవేలు మాత్రం మిగతా వేళ్ళ కణుపుల మీద నడుస్తూ ఉండేది. దారిలో ఎవరైనా పలకరిస్తే ఎడమచెయ్యి ఎత్తి ఆగమని, మనసులో అంకెను ఎక్కడో భద్రంగా పెట్టి, అప్పుడు, "ఆఁ, చెప్పు" అనేవాడు. ఆయన అడుగు డెబ్బై ఎనిమిది సెంటీమీటర్లు. ఆయన క్వార్టరు నుంచి చౌరస్తాలోని టీ బండికి నాలుగు వందల పన్నెండు అడుగులు. ఒకరోజు నాలుగు వందల ఇరవై వచ్చాయని నాతో చెప్పాడు. "మోకాలు నొప్పి మొదలైందయ్యా. అడుగు పొట్టిదయింది." డాక్టరు అదే మాట ఆరు నెలల తరువాత చెప్పాడు.

ఆయన ముందు "సుమారు" అనే మాట వాడకూడదు. ఎవరైనా ఒక అంకె చెప్పగానే ఒకటే అడిగేవాడు: "కొలిచావా, అనుకున్నావా?" అనుకున్నానంటే తప్పేం లేదు, కోప్పడడు. పుస్తకంలో మాత్రం రాయడు. ఒక పెళ్ళిలో పిల్లతండ్రి, "వెయ్యిమంది తిన్నరు సారు" అని మురిసిపోతుంటే, ఈయన వెనక్కి పోయి ఎంగిలి ఇస్తరాకులు లెక్కబెట్టి వచ్చి, "ఆరు వందల ముప్పై ఎనిమిది" అన్నాడు. పిల్లతండ్రి నా వైపు తిరిగి, "గీయన్ని ఎవలు పిలిచిండ్రే?" అన్నాడు. పిలిచింది నేనే.

పొద్దున పని మొదలుపెట్టే ముందు ఇంకొకటి అడిగేవాడు. "పుల్లలెన్ని?"

ఆ పుల్లల సంగతి చెప్పాలి. గొలుసు ముప్పై మీటర్లుంటుంది. ముందు నడిచే మనిషి గొలుసు చివర మూరెడు ఇనుప పుల్ల ఒకటి నేలలో గుచ్చుతాడు. వెనక వచ్చే మనిషి దాన్ని పీకి చేతపట్టుకుంటాడు. పుల్లలు పది. ముందు మనిషి చేతిలో పుల్లలు అయిపోయాయంటే పది గొలుసులైనట్టు, అంటే మూడు వందల మీటర్లు. అప్పుడు గట్టిగా "పది" అని అరుస్తాడు. వెనకవాడు పుల్లలన్నీ తెచ్చి ఇస్తాడు. మళ్ళీ మొదలు. దూరాన్ని గుర్తుంచుకునేది మనిషి కాదు, పుల్లలు. అందుకే రోజూ అడిగేవాడు. నేను సంచి విప్పి, ఒక్కొక్కటి తీసి, "పది సారు" అనేవాణ్ణి.

రెండు వేల ఒకటి వానాకాలంలో మా బాయిలో కప్పును మోసే బొగ్గు పిల్లర్లు తీసే చోట పైబండ పడింది. నలుగురు బయటికి ఉరికొచ్చారు. మల్లయ్య రాలేదు. రెండు రోజులు వెతికారు. మూడో రోజు ఆ వైపు బొగ్గు రాజుకుంది, పొగ వచ్చింది. మిగతా బాయిని కాపాడాలంటే ఆ భాగానికి గాలి అందకుండా చెయ్యాలి. గోడ కట్టారు. మల్లయ్య గోడకు అవతల ఉండిపోయాడు.

మూడు నెలలకు మల్లయ్య భార్య పోశక్క సర్వే ఆఫీసుకు వచ్చింది. అత్తను వెంట తెచ్చుకుంది. టేబుల్ మీద పరిచిన ప్లాన్ వైపు చూసి, వేలు ఎక్కడ పెట్టాలో తెలియక, దాని అంచు పట్టుకుని నిలబడింది.

"సారు, ఆయిన గిండ్ల యాడున్నడు?"

ఆయన పెన్సిల్ మొనతో చూపించాడు.

"గిది కాయితం. పైన, భూమి మీద జూపియ్యిండ్రి. దీపావళి వస్తుంది. సమాధి కాడ దీపం పెట్టాలె."

మా వైపు కొన్ని కుటుంబాల్లో ఆ ఆచారముంది. దీపావళినాడు ఇంట్లోకన్నా ముందు పెద్దల సమాధుల మీద దీపం పెడతారు. శవమే రానప్పుడు సమాధి ఎక్కడ? ఆమె అడిగింది అదే. డెబ్బై మీటర్ల కింద ఉన్న మనిషికి సరిగ్గా పైన ఏ జాగ వస్తుందో చెప్పమంది. ఆ లెక్క చెప్పగలిగినవాడు మా బాయిలో ఒక్కడే ఉన్నాడు.

సొంత పనికి ఆఫీసు యంత్రం బయటికి తీయకూడదు. ఒక ఆదివారం పొద్దున మూల గదిలోంచి పాత గొలుసు, పాత పుల్లల సంచి, దిక్కు చూసే డయల్ తీసుకుని పోయాం. బాయికి గాలి ఆడించే ఫ్యాన్‌హౌస్ దగ్గర సర్వే పిల్లరు నుంచి మూడు వందల నలభై ఆరు మీటర్లు, తూర్పు నుంచి పడమరకు, పత్తిచేల మధ్య. పోశక్క అత్త పిల్లరు పక్కన నేల మీద కూలబడి, కొడుకు పేరు పెట్టి ఏడుస్తోంది. ఆ ఏడుపులో సారు గొంతు నాకు సరిగా వినిపించలేదు, పెదవులు చూసి అర్థం చేసుకున్నాను.

"పుల్లలెన్ని?"

సంచి నా భుజానే ఉంది.

"పది సారు."

ఆయన ముందు, నేను వెనక. ఆయన "పది" అని అరిచాడు. నేను పుల్లలన్నీ గుప్పిట్లో తెచ్చి ఇచ్చాను. ఇంకొక గొలుసు, మీద పదహారు మీటర్లు. అక్కడ ఒక రాయి పాతాం. పోశక్క కొంగుతో ఆ రాయి మీది మట్టి తుడిచింది. ఆ దీపావళి నుంచి పదకొండు దీపావళులు ఆమె అక్కడ దీపం పెట్టింది. ప్రతిసారీ సారు వెళ్ళేవాడు. కాస్త దూరంలో నిలబడి, దీపం గాలికి ఆరకుండా నిలిచేదాకా ఉండి, వచ్చేసేవాడు.

పాలెంకే సంగతి ఆయనకు మంగలి దుకాణంలో తెలిసింది. గడ్డం చేయించుకోవడానికి వంతు కోసం కూర్చుని ఒక పాత వారపత్రిక తిప్పుతుంటే అందులో ఒక బొమ్మ కనిపించింది. మెక్సికో దేశపు అడవిలో పాలెంకే అనే పాత మాయన్ల ఊరు, అందులో తొమ్మిది అంతస్తుల రాతి గుట్టలా కట్టిన గుడి. దాన్ని నిలువునా కోసి చూపించిన బొమ్మ. పైన గుడి, గుడి లోపల్నుంచి కిందికి దిగే మెట్లు, అడుగున ఒక గది, ఆ గదిలో ఒక రాజు సమాధి. ఆ సమాధి నుంచి పైన గుడి గచ్చు వరకూ మెట్ల వెంబడే ఒక సన్నని రాతి గొట్టం. లోపల మనిషికి పైనున్నవాళ్ళ మాట వినిపించాలని, ఆయన ఊపిరి పైకి రావాలని పెట్టిన గొట్టం అని రాశారట. మంగలిని అడిగి ఆ కాగితం చింపుకొచ్చాడు. ఆఫీసు టేబుల్ అద్దం కింద మామూలుగా సెలవుల జాబితా ఉంటుంది. దాన్ని తీసేసి ఈ బొమ్మ పెట్టాడు.

రిటైరైన రెండేళ్ళకు, హైదరాబాదు నుంచి పోయే ఒక యాత్రాబృందంతో కలిసి నిజంగానే పోయాడు. బొగ్గుబాయి వాళ్ళు తిరుపతి పోతారు, కాశీ పోతారు. ఈయన మెక్సికో పోయాడంటే టీ బండి దగ్గర వారం రోజులు అదే ముచ్చట. వచ్చాక ఆ కథ నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కపెట్టలేదు. ప్రతిసారీ ఒకేలా చెప్పేవాడు. టీ గ్లాసు పక్కకు జరిపి, బల్ల మీద నీళ్ళ తడితో గుడి గీసేవాడు.

"అంత దూరం పోయానా, లోపలికి పంపలేదయ్యా. తాళం. మనుషుల ఊపిరి తగిలి రాయి పాడవుతోందిట. పైకి ఎక్కనివ్వలేదు కూడా. కింద నిలబడి అంతస్తులు లెక్కపెట్టుకుని, గొట్టాన్ని మళ్ళీ బొమ్మలోనే చూసి వచ్చా."

"మరి గంత దూరం పోయి ఏం లాభం సారు?" అంటే, ఎడమచెయ్యి ఎత్తి ఆగమనేవాడు.

"విను. ఆ మెట్లని వాళ్ళే రాళ్ళతో కూరి మూసేశారు. వెయ్యేళ్ళ పైచిలుకు ఎవడికీ తెలీదు. ఒకాయన గుడి గచ్చులో ఒక బండకి వరసగా చిల్లులుండటం చూశాడు. ఎత్తడానికే పెట్టిన చిల్లులు. బండ ఎత్తాడు. కింద రాళ్ళు. ఏడాదికి కొన్ని నెలలే పని, వానలు కదా. నాలుగేళ్ళు తోడి తోడి అడుక్కి చేరాడు. ఇక ఆ గొట్టం. మన బోరులాగా నిట్టనిలువుగా వెయ్యలేదు. నిలువుగా వేస్తే ఒక్క వేలెడు తప్పు పైకి వచ్చేసరికి బారెడవుతుంది. వాళ్ళు మెట్టుమెట్టునీ పట్టుకుని తెచ్చారు. మెట్టు తప్పదు, గొట్టం తప్పదు."

ఇక్కడ ఆగి టీ తాగేవాడు. తరువాత అంకెలు. చుక్క పెడితే ఒకటి, అడ్డగీత గీస్తే అయిదు, గవ్వ బొమ్మ వేస్తే సున్న. మనం పదుల్లో లెక్కపెడతాం, వాళ్ళు ఇరవైల్లో పెట్టారు. ఆ రాజు ఏ రోజు పుట్టాడో, ఏ రోజు గద్దెనెక్కాడో, ఏ రోజు పోయాడో, ఆ చుక్కలూ గీతలతో రాతిమీద చెక్కి ఉందట. సంవత్సరం కాదు, రోజు. "ఎనభై ఏళ్ళు బతికాడు. పదమూడు వందల ఏళ్ళ కింద పోయిన మనిషి ఏ రోజు పోయాడో ఇవాళ నీకు చెప్పగలరు. ఒక్కరోజు తేడా వస్తే వాళ్ళ లెక్క మొత్తం కూలుతుంది. అలా కొలిచారయ్యా."

"గంత లెక్క తెలిసినోళ్ళు మరి ఎట్ల పోయిండ్రు సారు?"

"నేనూ అదే అడిగా. అక్కడ చూపించేవాడొకడు, పొట్టిగా, నల్లగా. మన మంచిర్యాల బస్టాండులో నిలబెడితే ఎవడూ పరాయివాడనుకోడు. నాకొచ్చిన ఇంగ్లీషులో, ఈ జనం అంతా ఎటుపోయారయ్యా అన్నా. వాడు నవ్వాడు. నేను నీ ముందే ఉన్నా కదా అన్నాడు. మా అమ్మ ఇంట్లో ఇప్పటికీ ఆ భాషే మాట్లాడుతుంది అన్నాడు. ఊరు పోయింది కానీ జనం పోలేదట. యుద్ధాలొచ్చాయి, వానలు లేవు, తిండి లేదు. ఒక్కరోజున పోలేదు. ఈ ఏడు నాలుగిళ్ళు, పై ఏడు పది. నీళ్ళున్న చోటికి నడిచిపోయారు. వెనక అడవి వచ్చి కప్పేసింది."

ఆ మాటలు చెబుతున్నప్పుడు మా పక్కనే పాత బాయి మూతపడి ఉంది. ఓపెన్‌కాస్టు బాయి పక్కనున్న ఊరి దాకా వస్తుందని అప్పటికే అందరికీ తెలుసు. రెండు వేల పదిలో ఇళ్ళు ఖాళీ కావడం మొదలైంది. ముందు నాలుగు, ఆ పైన పది. సారు రోజూ సాయంత్రం ఆ ఊళ్ళోకి పోయి ఎన్ని పొయ్యిలు వెలుగుతున్నాయో లెక్కపెట్టి వచ్చేవాడు. నేను నోటుబుక్కు మొదలుపెట్టింది అప్పుడే.

తెలంగాణ ఉద్యమం గట్టిగా ఉన్న రోజులవి. టీ బండి దగ్గర ఒకడు, మా షిఫ్టు వాడే, ఒకరోజు నవ్వుతూనే గుచ్చాడు. "సారు, రాష్ట్రమొస్తే మీరు పోవాలె గద. సామాను గట్టుకున్నరా?"

సారు గ్లాసు దించాడు. "నేను పుట్టిన ఊళ్ళో నన్ను గుర్తుపట్టేవాళ్ళు ఇద్దరున్నారు. ఒకడికి చూపు ఆనదు. ఇక్కడ భూమి కింద నేను నడవని మూల లేదు. నువ్వు నిలబడ్డ చోటు కింద ఏ గ్యాలరీ ఉందో నీకు తెలుసా?"

"తెల్వదు."

"నాకు తెలుసు. ఇప్పుడు చెప్పు, ఎవరు సర్దుకోవాలి?"

వాడు, "అబ్బో, సారుకు కోపమొచ్చింది, ఇంకో చాయ్ పొయ్యే" అన్నాడు. ఆ టీకి డబ్బులు వాడే ఇచ్చాడు.

ఓపెన్‌కాస్టు అంటే పైన మట్టి, బండ అంతా తీసేసి కిందున్న బొగ్గును ఎండలోకి తెచ్చి, షావెల్ అనే పెద్ద తవ్వే యంత్రంతో డంపర్ లారీల్లో పోసి ఎత్తుకుపోవడం. మా పాత బాయి భాగాలు, కట్టిన గోడలు, అన్నీ ఒకరోజు ఆకాశం కిందికి వస్తాయి. పోశక్క ఈ మాట అందరికన్నా ముందు అర్థం చేసుకుంది. మేనేజరు దగ్గరికి పోయింది. "షావెల్ గా రాయి కిందికొచ్చినంక జర ఆపుండ్రి. ఆయిన బొక్కలు నాలుగు దొరికినా సాలు. మట్టిల పెట్టుకుంట." మేనేజరు చిన్నవాడు, మంచివాడు. సరే అన్నాడు. రాయిని పీకే ముందు కొత్త యంత్రంతో దాని కొలతలు తీసి రాసుకున్నాం. అద్దం గల కర్రను రాయి మీద పట్టుకుని నిలబడింది నేనే. పాత ప్లాన్ ఎవరూ విప్పలేదు. సర్వేయర్ సారు స్వయంగా కొలిచి పాతిన రాయి ఉండగా ప్లాన్ ఎందుకు?

రెండు వేల పన్నెండు అక్టోబరులో షావెల్ ఆ చోటికి వచ్చింది. పోశక్క నాలుగు రోజుల ముందు నుంచే గట్టు మీద గొడుగు పట్టుకుని కూర్చుంది. పక్కన కొత్త తెల్లగుడ్డ మడత. సారును కూడా పిలిపించుకుంది. మేనేజరు మాట ప్రకారం షావెల్ ఆపారు. ఎదురుగా బొగ్గు గోడలో పాత గ్యాలరీ, ఒకప్పుడు మేము నడిచిన సొరంగం, నల్లటి నోరు తెరుచుకుని ఉంది. నలుగురు మనుషులు దీపాలు పట్టుకుని లోపలికి పోయి వచ్చారు. ఏమీ లేదన్నారు.

"సరింగ జూడుండ్రి బిడ్డా," అంది పోశక్క. మళ్ళీ పోయారు. మళ్ళీ ఏమీ లేదు.

సారు మా యంత్రం దగ్గరికి వచ్చి దుర్భిణికి కన్ను ఆనించాడు. చాలాసేపు తీయలేదు. తరువాత, యంత్రంతోనే మాట్లాడుతున్నట్టు అన్నాడు.

"కప్పు నిలబడి ఉంది. కింద పెట్టిన దుంగలు నిలబడి ఉన్నాయి. బండ పడిన చోట దుంగలు నిలబడవు. ఇది ఆ చోటు కాదు."

ఆ మీదట నా వైపు తిరిగాడు. పదకొండేళ్ళ తరువాత అడిగాడు.

"ఆ రోజు పుల్లలెన్ని?"

ఇద్దరం మోటారుసైకిల్ మీద పాత ఆఫీసు మూల గదికి పోయాం. గొలుసు తుప్పు పట్టి అక్కడే ఉంది. సంచి విప్పి నేల మీద పోశాను. ఆయన లెక్కపెట్టలేదు, నన్ను లెక్కపెట్టమన్నాడు. తొమ్మిది. సంచిలో ఉన్న పాత చీటీ మీద కూడా, ఎవరో ఎన్నడో, తొమ్మిది అనే రాశారు. ఆ రోజు "పది" అన్నప్పుడు మేము నడిచింది తొమ్మిదే. రాయి ముప్పై మీటర్లు ముందే పడింది. ప్లాన్ తెప్పించి చూశాం. సరిగ్గా ముప్పై మీటర్లు, పడమరకు. షావెల్ వచ్చింది పడమర నుంచే. ఆ చోటు దాటి వచ్చేసింది. అక్కడ బొగ్గు గాలి తగలగానే రాజుకుందని నీళ్ళు కొట్టి, జల్ది జల్ది ఎత్తి పంపేశారు. ఆగమని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. మేము చెప్పింది రాయి దగ్గర ఆగమని.

తిరిగి గట్టు మీదికి వచ్చేసరికి పోశక్క అలాగే కూర్చుని ఉంది. సారు ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. మోకాళ్ళు వంగవు ఆయనకు, అయినా కూర్చున్నాడు.

"అమ్మా, తప్పు జరిగింది. రాయి ముప్పై మీటర్లు తప్పు పాతాను. ఆయన ఉన్న చోటు ఇది కాదు. ఆ చోటు తవ్వేశారు."

"పుల్లలు లెక్కబెట్టకుంట పది అన్నది నేను, అక్కా," అన్నాను.

ఆమె మా ఇద్దరినీ మార్చిమార్చి చూసింది. ఏడవలేదు.

"మరి గిన్నేండ్లు దీపం ఎవలికి పెట్టిన సారు?"

ఆమె తవ్విన గోతి వైపు తిరిగింది.

"గా బొగ్గు యాడికి పోయింది?"

"కరెంటుకు," అన్నాడు సారు.

ఆమె తెల్లగుడ్డను విప్పి, మళ్ళీ మడిచింది. అంచులు సరిచేసింది. అప్పుడు అడిగింది. "బాయిల దిగెటోడు దిగినప్పుడు టైం రాసుకుంటరు గద. ఎక్కినప్పుడు రాసుకుంటరు. ఆయిన దిగింది రాసుకున్నరు, నాకు జూపెట్టిండ్రు గుడ. ఎక్కింది రాయలే. పదకొండేండ్లు లోపట్నే డ్యూటీల ఉన్నట్టు రాసున్నది. ఇప్పుడు ఎక్కిండు గద సారు? డంపర్ల ఎక్కి పోయిండు గద? ఏ దినమో, ఏ షిఫ్టో గది రాసియ్యిండ్రి. గా దినం దీపం పెట్టుకుంట. ఇగ రాయి లేదు, జాగ లేదు. దినమన్న ఉండాలె."

"రాసిస్తాను," అన్నాడు సారు.

ఆ మాట మీద ఆయన ఏడాదిన్నర బతికాడు.

రిటైరైన మనిషికి రిజిస్టర్లు చూపించరు. నేను టిఫిన్ టైంలో రోజువారీ కాగితాలు చూసి రాసుకుని, సాయంత్రం ఆయనకు ఇచ్చేవాణ్ణి. షావెల్ మల్లయ్య ఉన్న చోటు దాటిన పక్షంలో బొగ్గు గోడను రెండుసార్లు కొలిచారు. మొదటి కొలతలో ఆ చోటు ఇంకా గోడలోనే ఉంది. రెండో కొలతలో లేదు. నడుమ పదకొండు షిఫ్టులు. అందులో నాలుగు షిఫ్టులు షావెల్ చెడిపోయి నిలిచిపోయింది. మిగిలినవి ఏడు. ఏ షిఫ్టులో ఎన్ని ట్రిప్పులో రాశారు. షావెల్ ఎక్కడ నిలబడిందో రాయలేదు. రాసే పద్ధతి లేదు.

షావెల్ నడిపిన ముగ్గురినీ ఆయన ఇళ్ళకు పోయి కలిశాడు. ఒకతను జాలిపడ్డాడు. "సారు, బకెట్ నింపుడు, డంపర్ల పోసుడు. ఎనిమిది గంటలు గదే. యాడ నిలవడ్డనో నాకేం యాదికుంటది?" నీళ్ళ ట్యాంకరు ఏ షిఫ్టులో వచ్చిందో వెతికాడు. ఏడు షిఫ్టుల్లోనూ వచ్చింది. డీజిలు లెక్కలు చూశాడు. వాన పడిన పూటలు చూశాడు. ఒక్క షిఫ్టు కూడా కొట్టెయ్యలేకపోయాడు.

ఆ డిసెంబరులోనే టీవీలు మాయన్ల యుగాంతం అని మోగిపోయాయి. టీ బండి దగ్గర అందరూ ఆయన చుట్టూ చేరారు.

"సారు, గా మెక్సికోవోళ్ళ లెక్కల దునియా ఖతమట. నిజమేనా? డ్యూటీకి పోవాల్నా వద్దా?"

ఇంకో రోజైతే బల్ల మీద నీళ్ళతో గుడి గీసేవాడు. ఆ రోజు, "వాళ్ళది కొలిచిన లెక్క. టీవీవాళ్ళది అనుకున్న లెక్క. డ్యూటీకి పోండి" అని లేచాడు. ఇంటి దాకా ఆయన వెనకే నడిచాను. బొటనవేలు కణుపుల మీద కదలడం లేదు. గేటు దగ్గర ఆగి అన్నాడు. "ఆ రాజు పోయిన రోజు రాయి మీద ఉందయ్యా. మల్లయ్య మొన్న పోయాడు. మొన్న. మనకి చేతకాలేదు."

మల్లయ్య చనిపోయి అప్పటికి పదకొండేళ్ళు. నేను సరిదిద్దలేదు.

తరువాత ఒకసారి, ఆయనను చూడలేక నేనే అన్నాను. "సారు, ఏడింట్ల ఏదో ఒకటి చెప్పేద్దాం. ఆమెకు మనశ్శాంతి. మనకు తప్ప ఎవలికి తెలుస్తది?"

ఆయన కోప్పడలేదు. నా ముఖం వైపు చూసి, "రాయి పాతినప్పుడు కూడా మనకి తప్ప ఎవరికీ తెలీదు" అన్నాడు.

గోదావరి ఒడ్డున ఆయన్ను కాల్చారు. ఉద్యమంలో ఆయన్ను సామాను కట్టుకొమ్మన్నవాడు కట్టెలు మోశాడు. పదో రోజు సారు భార్య ఒక అట్టఫైలు తెచ్చి నా చేతిలో పెట్టింది. లోపల నేను రాసిచ్చిన కాగితాలన్నీ తేదీల వరుసలో ఉన్నాయి. ఏడు షిఫ్టులకు ఏడు పేజీలు. ప్రతి పేజీలో కొట్టివేతలు, ప్రశ్నార్థకాలు. ఏ పేజీనీ అడ్డంగా కొట్టెయ్యలేదు.

ఆ రోజు పోశక్క కూడా వచ్చింది. ఇప్పుడు ఆమె ఉండేది కొత్తగా కట్టిన కాలనీలో. జుట్టు తెల్లబడింది. అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి, వాకిట్లో నా పక్కన నిలబడింది.

"సారు జెప్తనన్నడు. చెప్పకుంటనే పాయె. నువ్వన్న చెప్పు తమ్మి."

"ఇంకా తేలలేదు అక్కా."

"తేలకుంటే మానె. నీకు అనిపించింది చెప్పు. నేను గదే అనుకుంట. నాకు యాదిపెట్టుకునేతందుకు ఒక్క దినం గావాలె, గంతే."

నా నోటి దాకా ఒక తేదీ వచ్చింది. రెండో షిఫ్టు అని కూడా వచ్చింది. ఎందుకు అదే వచ్చిందో నాకు తెలియదు. మింగేశాను.

"చూస్తున్న అక్కా."

"జల్ది చూడు," అంది, చెప్పులు వేసుకుంటూ. "నాది గుడ షిఫ్టు అయిపోవస్తుంది."

షావెల్ నడిపిన ముగ్గురిలో ఇద్దరు బదిలీ మీద పోయారు, ఒకరు నస్పూరు, ఒకరు కాసిపేట. ఇద్దరి దగ్గరికీ మళ్ళీ పోయి వచ్చాను. రోజువారీ కాగితాలు మూడేళ్ళకు మించి దాచరని అంటున్నారు, అందుకని మిగిలినవి కూడా రాసుకుంటున్నాను. ఆమెకు మేము ఇవ్వవలసింది ఒక్క షిఫ్టు. నా దగ్గర ఇప్పటికీ ఏడున్నాయి.